ఇంటి ఛార్జరు - ఇంగితజ్ఞానం

పాఠ్యభాగ నేపథ్యం

పెట్రోలు, డీజిలు వాహనాల సరసన విద్యుద్వాహనాలు వచ్చి చేరాయి. వాటితోపాటు ఇళ్లలోకి ఛార్జరు అనే కొత్త పరికరం ప్రవేశించింది. కొన్న తరువాత కూడా నడవడి మార్చుకోగల పరికరం ఇది. ఆ మార్పునకు మూలమేమిటి, దాని గుణదోషాలు ఏవి, వినియోగదారుడు వహించవలసిన జాగ్రత్త ఏమిటి అనే అంశాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

ఇంటికి కొని తెచ్చిన రోలు పదేళ్ల తరువాత కూడా రోలుగానే ఉంటుంది. తిరగలి రాయి అరిగిపోవచ్చు గాని దాని స్వభావం మారదు. విద్యుద్వాహనానికి శక్తినిచ్చే ఇంటి ఛార్జరు అటువంటిది కాదు. నిన్న రాత్రి ఏడు కిలోవాట్ల చొప్పున శక్తినిచ్చిన పెట్టె, ఒక్క మరమేకు కూడా విప్పకుండానే, ఈ రాత్రి ఐదున్నర కిలోవాట్లకు తగ్గవచ్చు. తీగ మారలేదు. ప్లగ్గు మారలేదు. మారినది లోపలి ఆజ్ఞల సముదాయం. దానికే ఫర్మ్‌వేర్ అని పేరు.

1967లో ఆషర్ ఓప్లర్ అనే కంప్యూటరు నిపుణుడు ఒక వ్యాసంలో ఈ పదాన్ని ప్రయోగించాడు. చేతికి తగిలే యంత్రభాగం హార్డ్‌వేర్. యథేచ్ఛగా మార్చుకోదగిన ఆజ్ఞావళి సాఫ్ట్‌వేర్. ఈ రెండింటి నడుమ, యంత్రాన్ని అంటిపెట్టుకొని ఉండి దాని నడవడిని నిర్ణయించేది ఫర్మ్‌వేర్. ఛార్జరు దేహమైతే ఫర్మ్‌వేర్ దాని బుద్ధి. దేహాన్ని ముట్టకుండా బుద్ధిని సరిదిద్దే ప్రక్రియే ఫర్మ్‌వేర్ అప్‌డేట్.

కారుకు, పెట్టెకు మధ్య సంభాషణ

గోడకు బిగించిన పెట్టెను అందరూ ఛార్జరు అని వ్యవహరిస్తున్నా, నిజమైన ఛార్జరు కారులోనే ఉంటుంది. ఇంటి ఏకాంతర విద్యుత్తును బ్యాటరీకి కావలసిన ఏకముఖ విద్యుత్తుగా మార్చేది కారులోని పరికరమే. గోడమీది పెట్టె ద్వారపాలకుని వంటిది. ఎంత విద్యుత్తును లోపలికి అనుమతించాలో అది చెబుతుంది, ఆపద కలిగితే ద్వారం మూసివేస్తుంది.

ఈ రెండింటి మధ్య జరిగే సంభాషణ విచిత్రమైనది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ రూపొందించిన 61851వ ప్రమాణం ప్రకారం, పెట్టె ఒక సన్నని తీగ ద్వారా సెకనుకు 1000 సార్లు ఎగసిపడే విద్యుత్ తరంగాన్ని కారుకు పంపుతుంది. ప్రతి ఆవృత్తిలో తరంగం ఎగసి ఉన్న కాలం ఎంత శాతమో చూసి, కారు తాను తీసుకోదగిన అత్యధిక ప్రవాహాన్ని తెలుసుకొంటుంది. సాధారణ పరిధిలో ఆ శాతాన్ని 0.6తో గుణిస్తే ఆంపియర్ల సంఖ్య వస్తుంది. 50 శాతమైతే 30 ఆంపియర్లు, 10 శాతమైతే 6 ఆంపియర్లు. కారు అంతకంటె తక్కువ తీసుకోవచ్చును గాని మించరాదు. ఈ శాతాన్ని నిర్ణయించేది పెట్టెలోని ఫర్మ్‌వేర్. కనుకనే ఆ ఆజ్ఞలలో ఒక్క సంఖ్య మారితే ఛార్జింగు వేగం మారిపోతుంది.

వేగమా? క్షేమమా?

ఆజ్ఞలు మార్చి వేగాన్ని తగ్గించిన ఉదంతం ఒకటి అమెరికాలో జరిగింది. 2013 నవంబరులో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఇర్వైన్ నగరంలో ఒక ఇంటి గ్యారేజీలో అగ్నిప్రమాదం సంభవించింది. అక్కడ టెస్లా మోడల్ ఎస్ కారు ఛార్జింగులో ఉంది. గోడ సాకెట్టు వద్ద గాని, దానికి తగిలించిన ఛార్జింగు సాధనం వద్ద గాని అధిక నిరోధం ఏర్పడి ఉండవచ్చునని అగ్నిమాపక అధికారులు అభిప్రాయపడ్డారు. కచ్చితమైన కారణం తేలలేదు. దోషం కారులోనూ, తమ సాధనంలోనూ లేదని సంస్థ వాదించింది.

అయినప్పటికీ ఆ సంస్థ ఊరకుండలేదు. 2013 డిసెంబరులో వైర్‌లెస్ సంబంధం ద్వారా కార్లకు కొత్త ఆజ్ఞలను పంపింది. వచ్చే విద్యుత్తులో అనూహ్యమైన హెచ్చుతగ్గులు కనిపిస్తే ప్రవాహాన్ని తనంతట తానే 25 శాతం తగ్గించుకోవాలన్నది అందలి సారాంశం. అప్పటిదాకా 240 వోల్టుల వద్ద 40 ఆంపియర్లు, అంటే 9.6 కిలోవాట్లు తీసుకొంటున్న కారు, అనుమానం కలిగినప్పుడు 30 ఆంపియర్లకు, అంటే 7.2 కిలోవాట్లకు దిగుతుంది.

నాలుగవ వంతు వేగం తగ్గడం వినియోగదారునికి నష్టంగా తోచవచ్చు. అయితే ఇక్కడ భౌతికశాస్త్రం ఒక రహస్యం చెబుతుంది. తీగల కలయిక వద్ద పుట్టే వేడి విద్యుత్ప్రవాహంతో సమానంగా పెరగదు, ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఇది జౌల్ నియమం. ప్రవాహం నాలుగింట మూడు వంతులకు తగ్గితే వేడి పదహారింట తొమ్మిది వంతులకు, అంటే దాదాపు 56 శాతానికి తగ్గుతుంది. వేగంలో కోల్పోయినది పాతిక, వేడిలో తగ్గినది నలభైనాలుగు. నిదానమే ప్రధానమన్న పెద్దల మాటకు ఇంతకంటె చక్కని గణితం దొరకదు.

కాని ఆజ్ఞ మారినంత మాత్రాన వదులైన సాకెట్టు బిగువు కాదు, కాలిన తీగ కొత్తది కాదు. ఈ సత్యాన్ని గ్రహించే కాబోలు, 2014 జనవరిలో ఆ సంస్థ అధిక వేడికి తెగిపోయే ఫ్యూజు అమర్చిన కొత్త అడాప్టర్లను వాహనదారులకు పంపడం మొదలుపెట్టింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ పత్రాల ప్రకారం ఆ చర్య పరిధిలోకి 29,222 వాహనాలు వచ్చాయి. బుద్ధి దిద్దుబాటు, దేహపు మరమ్మతు రెండూ జరిగితేనే రక్షణ సంపూర్ణమవుతుందని ఈ ఉదంతం చాటుతోంది.

ముద్ర లేని ఆజ్ఞ చెల్లదు

దూరం నుండి వచ్చిన ఆజ్ఞతో ఇంటి పరికరం నడవడి మారుతున్నదంటే, ఆ ఆజ్ఞ ఎవరు పంపినదో తెలియడం అవసరం. తూర్పు చాళుక్య రాజులు దానశాసనాలను రాగిరేకులపై చెక్కించి, ఆ రేకులను ఒక వలయానికి గుచ్చి, వలయం కొనలు కలిసేచోట 'శ్రీ త్రిభువనాంకుశ' అనే రాజముద్ర వేయించేవారు. ముద్ర చెడకుండా రేకును తీయడం గాని చేర్చడం గాని సాధ్యం కాదు. నేటి ఫర్మ్‌వేర్‌కు డిజిటల్ సంతకం అటువంటి ముద్ర. ఛార్జరు కొత్త ఆజ్ఞావళిని స్వీకరించే ముందు ఆ సంతకాన్ని పరీక్షిస్తుంది. ఒక్క అక్షరం మారినా తిరస్కరిస్తుంది. మంచి ఛార్జర్లు కొత్తది సక్రమంగా పనిచేసేవరకు పాత ఆజ్ఞావళిని కూడా భద్రపరచుకొంటాయి. నడుమ కరెంటు పోయినా అవి మూగవోవు.

బ్రిటన్ ఈ విషయాన్ని చట్టంగానే చేసింది. అక్కడ 2021లో రూపొందిన స్మార్ట్ ఛార్జర్ల నిబంధనలు 2022 జూన్ 30న అమలులోకి వచ్చాయి. అప్‌డేట్ల ప్రామాణికతను పరీక్షించడం వంటి భద్రతా నియమాలు అదే ఏడాది డిసెంబరు 30 నుండి వర్తించాయి. ఇళ్లలో, కార్యాలయాలలో అమర్చడానికి అమ్మే ఛార్జర్లకు ఈ నిబంధనలు వర్తిస్తాయి. వాటిలో మరొక చిత్రమైన నియమం ఉంది. నిర్ణీత సమయానికి ఛార్జింగు మొదలుకావలసిన పెట్టె వెంటనే మొదలుపెట్టదు. పది నిమిషాల లోపల ఏదో ఒక క్షణాన్ని ఎంచుకొని అప్పుడు మొదలుపెడుతుంది. లక్షలాది కార్లు ఒక్క క్షణంలో శక్తిని పీల్చుకొంటే విద్యుద్వ్యవస్థ తట్టుకోలేదు కదా! తన ఛార్జరు ఆలస్యం చేస్తున్నదని విసుగుచెందే యజమాని, ఆ ఆలస్యం ఊరందరి దీపాలను కాపాడుతున్నదని తెలిస్తే శాంతిస్తాడు. అవసరమైతే దానిని రద్దుచేసుకొనే అవకాశం కూడా అతనికి ఉంది.

తెలుగునాట పాటించవలసినవి

ఉన్న ఇంటి కనెక్షనుతోనే విద్యుద్వాహనాన్ని ఛార్జి చేసుకోవచ్చునని 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ తన మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. అయితే అనుమతి వేరు, సన్నద్ధత వేరు. 16 ఆంపియర్ల సాకెట్టుకు తగిలించే ఛార్జరు మూడు కిలోవాట్లకు పైగా శక్తిని గంటల తరబడి తీసుకొంటుంది. 32 ఆంపియర్ల పెట్టె ఏడు కిలోవాట్లకు పైగా కోరుతుంది. ఇస్త్రీపెట్టె పదినిమిషాలు వాడినప్పుడు బయటపడని వదులు కలయిక, రాత్రంతా ఛార్జి చేసినప్పుడు కాలిపోవచ్చు. కనుక ఒప్పంద లోడు, తీగల మందం, ఎర్తింగు మొదలైనవాటిని అర్హతగల ఎలక్ట్రీషియన్‌చేత పరీక్షింపజేయడం మొదటి కర్తవ్యం.

అప్‌డేట్ జరిగిన మరునాడు వేగం తగ్గినట్లు తోస్తే, వెంటనే దానిని నిందించడం తగదు. 230 వోల్టుల వద్ద 32 ఆంపియర్లు 7.36 కిలోవాట్లవుతాయి. వేసవి సాయంత్రం వోల్టేజి 200కు పడిపోతే అదే ప్రవాహం 6.4 కిలోవాట్లు మాత్రమే ఇస్తుంది. ఎండ తగిలే గోడకు అమర్చిన పెట్టె లోపలి ఉష్ణోగ్రత పెరిగినప్పుడు తనంతట తానే ప్రవాహాన్ని తగ్గించుకోవచ్చు. బ్యాటరీ నిండబోయే దశలో కారు కూడా తక్కువ శక్తినే స్వీకరిస్తుంది. అందువల్ల పోల్చదలచినవారు బ్యాటరీ స్థాయి, వోల్టేజి, వేళ ఒకే విధంగా ఉన్న రెండు రాత్రుల లెక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పటికీ తేడా ఉంటేనే అనుమానం ఫర్మ్‌వేర్ మీదికి మళ్లాలి. కార్యకారణ సంబంధాన్ని ఇట్లా నిర్ధారించడమే శాస్త్రీయ దృక్పథం.

సంస్థలకు కూడా ఒక ధర్మం ఉంది. అప్‌డేట్‌లో ఏమి మారిందో యజమానికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి. క్షేమం కోసం వేగాన్ని తగ్గించడం దోషం కాదు. చెప్పకుండా తగ్గించడం దోషం. డబ్బిచ్చి కొన్న వస్తువు తన ఇంట్లో, తన గోడమీద ఉండి, తనకు తెలియకుండా మారిపోతే యజమాని అనే మాటకు అర్థం ఉండదు. ఎదుటివాని మనసెరిగి మెలగడాన్ని ఇంగితజ్ఞానం అంటారు. ఇంటి తీగల శక్తినెరిగి, ఊరి విద్యుత్తు అవసరాన్నెరిగి మెలగే ఛార్జరుకు అది ఉన్నట్లే. దానిని వాడే మనిషికి కూడా అది ఉండాలి.

కఠినపదాలు - అర్థాలు

ఇంగితం = మనసులోని అభిప్రాయం
ఆవళి = వరుస, సమూహం
ఏకాంతర విద్యుత్తు = దిశ మార్చుకొంటూ ప్రవహించే విద్యుత్తు
ఏకముఖ విద్యుత్తు = ఒకే దిశలో ప్రవహించే విద్యుత్తు
నిరోధం = అడ్డగింత
ఉదంతం = జరిగిన సంగతి

వ్యాకరణాంశాలు

విద్యుద్వాహనం = విద్యుత్ + వాహనం - జశ్త్వ సంధి
ఆజ్ఞావళి = ఆజ్ఞా + ఆవళి - సవర్ణదీర్ఘ సంధి
అత్యధికం = అతి + అధికం - యణాదేశ సంధి
ఉష్ణోగ్రత = ఉష్ణ + ఉగ్రత - గుణసంధి
రాజముద్ర = రాజు యొక్క ముద్ర - షష్ఠీ తత్పురుష సమాసం
గుణదోషాలు = గుణమును, దోషమును - ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఇర్వైన్ అగ్నిప్రమాదానంతరం జరిగిన మార్పులను వివరించి, వాటినుండి గ్రహించవలసిన నీతిని తెలపండి.
2. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ విషయంలో యజమాని, సంస్థ పాటించవలసిన ధర్మాలను చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. గోడమీది పెట్టెను ద్వారపాలకునితో ఎందుకు పోల్చారు?
2. డిజిటల్ సంతకానికి, రాజముద్రకు గల పోలిక ఏమిటి?
3. ఛార్జింగు వేగం తగ్గడానికి ఫర్మ్‌వేర్ కాక ఇతర కారణాలేవి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఫర్మ్‌వేర్ అనే పదాన్ని 1967లో ప్రయోగించిన నిపుణుడెవరు?
2. ప్రవాహం 25 శాతం తగ్గితే వేడి ఎంత శాతానికి తగ్గుతుంది?