డీజిల్ పోయించాక పాత బండి మిస్సింగు కొడుతోందా?

సీలేరు, గూడెం కొత్తవీధి ప్రాంతాల్లో నలుగురైదుగురు రైతులు కలిసి ఒక పాత లారీయో, వ్యానో మాట్లాడుకుని కాఫీ, మిరియాలు, పసుపు చింతపల్లికో నర్సీపట్నానికో తోలుకోవడం మామూలే. నిన్నటిదాకా బాగా నడిచిన బండి డీజిల్ పోయించిన గంటకే జెర్కులిస్తూ, తెల్లపొగ వదులుతూ ఉంటే ఇంజను పోయిందని, నాజిళ్లు మార్చాలని కంగారు పడతారు. ముందు చూడవలసింది ఇంజను కాదు. ట్యాంకులోకి కొత్తగా ఏం పోయింది, అడుగున ఉన్న పాతదేం కదిలింది అన్నది చూడాలి.

ఎక్కువసార్లు దొరికే దొంగ నీరే. బంకు దూరమని డ్రమ్ముల్లో, క్యాన్లలో డీజిల్ తెచ్చి వాడే చోట వానాకాలంలో మూత సందుల్లోంచి నీరు దిగుతుంది. చలికాలంలో ఇంకో తంటా ఉంది. పగలు ఎండ, రాత్రి గట్టి చలి ఉండే మన కొండల్లో సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపలి గోడలకు చెమ్మ పట్టి, చుక్కలుగా అడుగుకు చేరుతుంది. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు, లీటరు నీరు కిలో. అందుకే నీరెప్పుడూ అడుగునే ఉంటుంది. కొత్త డీజిల్ ధారగా పడగానే ఆ నీరు, దాంతోపాటు తుప్పు, జిగట మడ్డి పైకి లేచి లైనులోకి పోతాయి. అంటే తప్పు ప్రతిసారీ డీజిల్ పోసినవాడిదే కానక్కర్లేదు.

పరీక్ష తేలికే. బండిని కదపకుండా రాత్రంతా ఉంచి, తెల్లవారి సెల్ఫ్ కొట్టకముందే ట్యాంకు అడుగున ఉన్న డ్రైన్ నట్టు వదులు చేసి, మొదట వచ్చే అర లీటరును తెల్ల గాజుసీసాలో పట్టాలి. ఓ అరగంట కదపకుండా పెడితే నీరుంటే అడుగున గీత గీసినట్లు విడిపోతుంది. డీజిల్ శుభ్రంగా వచ్చేదాకా వదిలేయాలి. ఫిల్టరు గిన్నె కింద ఉన్న స్క్రూ తిప్పి అక్కడి నీరు కూడా తీయాలి. తీసినదాన్ని గెడ్డలోనో పొలంలోనో పారబోయవద్దు. దగ్గర్లో బీడీ వెలిగించవద్దు.

నీరు లేకపోతే బండి తీరు గమనించండి. ఖాళీగా బాగానే తిరిగి, ఎగుడులో లోడు మీద చచ్చిపోతుంటే డీజిల్ చాలినంత అందడం లేదన్నమాట. ఫిల్టరు మడ్డితో నిండి ఉంటుంది. ఐదు నిమిషాలు ఆపితే మళ్లీ నడిచి, కొంతదూరం పోయి మళ్లీ ఆగుతుంటే ట్యాంకు మూత వదులు చేసి చూడండి. ‘సుయ్’మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయినట్లే. మూత కడిగితే సరిపోయేదానికి పంపు విప్పించుకున్న వాళ్లున్నారు.

ట్యాంకు పూర్తిగా ఎండిపోయాక పోయిస్తే లైనులో ఎయిర్ పడుతుంది. ఫిల్టరు మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతిమీట కొడుతూ ఉండాలి. నురగ పోయి నిండు ధార వచ్చాక, ధార పోతుండగానే స్క్రూ బిగించాలి. తర్వాత పెద్ద పంపు దగ్గరి స్క్రూ కూడా అలాగే. సెల్ఫ్ ఒకసారికి పది సెకన్లకు మించి కొట్టవద్దు. ఇంజను తిరుగుతుండగా నాజిల్ పైపుల దగ్గర చెయ్యి పెట్టవద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ఇదంతా పాత పంపు బండ్లకే. కామన్ రైల్ బండ్ల జోలికి పోకుండా మెకానిక్కుకు అప్పగించాలి.

పొరపాటున పెట్రోలు పోస్తే మాత్రం అసలు స్టార్టు చేయవద్దు. పంపులోని భాగాల మధ్య సందు తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. వాటికి డీజిలే కందెన. పెట్రోలు, నీరు ఆ పని చేయవు. అలాగే తోలితే పంపు, నాజిళ్లు కలిసి ఒక సీజను మిరియాల డబ్బు మింగేస్తాయి. చౌకని కిరోసిన్ కలపడం కూడా ఇలాంటిదే.

ఖర్చును మించిన ప్రమాదం ఘాట్‌లో ఉంది. దారాలమ్మ ఘాట్‌లోనో, లంబసింగి దాటాక నర్సీపట్నం దిగుడులోనో ఇంజను ఆగిపోతే వాక్యూమ్ బ్రేకుల బండికి రెండు మూడు తొక్కులకే పెడలు రాయిలా గట్టిపడుతుంది. గాలి బ్రేకుల బండికి కంప్రెసర్ ఆగిపోతుంది. మిస్సింగు తేలేదాకా లోడుతో, మనుషులతో ఘాట్ ఎక్కవద్దు. బేరం ఒకరోజు ఆలస్యమైనా ఫరవాలేదు.

బంకులో అనుమానం వస్తే డెన్సిటీ చూపించమని అడిగే హక్కు మీకుంది. ఆరోజు రాసిపెట్టిన అంకెకు, కొలిచినదానికి తేడా 3 యూనిట్లు దాటకూడదు. రసీదు, గాజుసీసాలో కొంత డీజిల్ దాచుకుంటే తర్వాత మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. క్యాన్లలోంచి పోసేటప్పుడు అడుగున రెండు వేళ్ల మేర వదిలేసి, గరాటుకు సన్నటి జాలీ పెట్టి పోయాలి. జాలీ చెత్తనే ఆపుతుంది, నీటిని ఆపదు. సాయంత్రం బండి పెట్టేముందు ట్యాంకు నింపితే చెమ్మ పట్టే చోటు తగ్గుతుంది.

కొత్త ఫిల్టరు వేశాక కొద్దిరోజుల్లోనే అది మళ్లీ నల్లబడితే ఇంకో ఫిల్టరు కొనవద్దు. ట్యాంకు దించి కడిగించండి.