పేరు కోరని కల

లోకమునకు మేలు చేయు గొప్ప పని యొకటి సాధించవలెననియు, దానివలన తమ పేరు నలుగురి నోట నిలువవలెననియు యౌవనమున కలలు గనని వారుండరు. ఈ కోరిక తప్పు కాదు. అయితే ఇందులో రెండు కోరికలు కలిసియున్నవి. ఒకటి మేలు, రెండవది పేరు. వీనిలో ఏది అసలో, ఏది వడ్డీయో తేల్చుకొననివాడు తుదకు రెంటిని పోగొట్టుకొనును.

ఇందుకు దృష్టాంతము నాందేడులోనే కలదు. నగరమునకు చేరువను విష్ణుపురి వద్దనున్న విశ్వవిద్యాలయము 1994 సెప్టెంబరు 17న ఏర్పడినది. దానికి స్వామి రామానంద తీర్థ పేరు పెట్టిరి. అచ్చట చదివిన ప్రతి విద్యార్థి పట్టా మీదను ఆ పేరుండును. ఆ పేరుగల మహనీయుడు ఎట్టి కల గనెనో తెలిసికొనుట మంచిది.

ఆయన పూర్వనామము వెంకటేశ భగవానరావు ఖేడ్గికర్. 1903 అక్టోబరు 3న బీజాపూరు జిల్లా సిందగిలో జన్మించిరి. 1920 ఆగస్టు 1న లోకమాన్య తిలక్ మరణించిన నాడు, ఇంకను విద్యార్థిగా నున్నప్పుడే, బ్రహ్మచర్యమును దేశసేవయు వ్రతముగా గైకొనిరి. ఆ వ్రతము వెంటనే వారిని సభావేదికల మీదికి తీసికొనిపోలేదు. నిజాము సంస్థానములోని హిప్పర్గా అను గ్రామమునకు తీసికొనిపోయినది. అచ్చట పిల్లలకు పాఠములు చెప్పిరి. 1930లో సన్యసించిరి. పిదప అంబాజోగాయిలో పాఠశాల నడిపిరి. పెద్ద కలకు మొదటి మెట్టు చిన్న పల్లెలోని బడి యైనది.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఏర్పడక మునుపే నిజాము ప్రభుత్వము దానిని నిషేధించెను. స్వామీజీ సత్యాగ్రహము చేసి చెరసాలకేగిరి. 1947 ఆగస్టులో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన వేళ మరల నిర్బంధములో పడిరి. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశమున చేరిన పిదపనే వారికి తుది విడుదల లభించెను.

అసలు పరీక్ష అటు తరువాత వచ్చినది. అంతటి నాయకులైనను మంత్రిపదవి చేపట్టలేదు. అంతకంటె విశేషమేమనగా, హైదరాబాదు రాష్ట్రమును భాషల ననుసరించి విభజింపవలెనని వాదించిరి. తమ పేరు మారుమ్రోగిన రాష్ట్రమే లేకుండ పోవుటకు తామే పాటుపడిరన్నమాట! 1956 నవంబరు 1న తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోను, మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రములోను, కన్నడ జిల్లాలు మైసూరులోను కలిసెను. నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమునకు పోగా, అందలి ముధోలు, భైంసా ప్రాంతములు తెలుగువారితో చేరెను. ప్రజలకు తమ భాషలో చదువును పాలనయు అందవలెనన్నదే వారి లెక్క. ఆ లెక్కలో తమ పేరునకు పద్దు వేసికొనలేదు.

వ్రతము పట్టువానికి మూడు ముండ్లు ఉండరాదని జైనశాస్త్రము చెప్పును. అవి మాయ, మిథ్యాదర్శనము, నిదానము. వాడుకలో నిదానమనగా నెమ్మది. ఇచ్చట అర్థము వేరు. చేసిన తపస్సునకు ఫలము ఇదియని ముందుగానే కోరుకొనుట నిదానము. ముల్లు కాలిలో నుండగా బాటసారి దూరము పోలేడు. మంచిపని చేయువానికి కీర్తికాంక్ష అట్టి ముల్లే. శిలాఫలకము మీద చూపిన శ్రద్ధ కప్పు మీద చూపకున్నచో, ఆ సత్రము మొదటి వానకే కారును.

స్వామీజీ 1972 జనవరి 22న హైదరాబాదులో పరమపదించిరి. ఇరువదిరెండేండ్ల పిదప వారి పేర విశ్వవిద్యాలయము వెలసెను. అప్పటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు, హోంమంత్రి శంకరరావు చవాన్ ఇద్దరును స్వామీజీ నాయకత్వమున పనిచేసినవారే. ఒకరు తెలుగువారు, మరొకరు నాందేడు నుండి ప్రజాజీవితమునకు వచ్చినవారు. గురువు అడగని వడ్డీ ఈ విధముగ చేరినది. చూచుటకు మాత్రము గురువు లేరు.

కావున కల గను యువకులు తమ్ము తాము మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పని వలన మేలు పొందువారెవరు? దాని మొదటి మెట్టు నేడు ఏ బడిలో, ఏ వీధిలో కలదు? నా పేరు ఎవరికిని తెలియకున్నను ఈ పని చేయుదునా? మూడవ ప్రశ్నకు అవునని చెప్పగలిగిన నాడు ఆ కలకు ఆరంభము జరిగినట్లే.