రంది పడ్డవాళ్ల మంచం పక్కన

బిడ్డా,

వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి చేరి పదిరోజులన్నా కాలేదు, "అమ్మమ్మా, వీళ్లెప్పుడూ నొప్పులంటరు, గోలీలిస్తే దిండు కింద పెడ్తరు" అని ఫోన్‌లో విసుక్కున్నావు. ఏఎన్‌ఎంగా నల్లగొండ పల్లెలు తిరిగిన ఈ అమ్మమ్మకు ఆ దిండు కింది గోలీలు బాగా తెలుసు.

మన దిక్కు ముసలివాళ్లు డిప్రెషన్ అనరు. కాళ్లు గుంజుతున్నయంటారు, ఆకలైతలేదంటారు. బాగా దగ్గరివాళ్లతో అయితే రంది అంటారు, మనాది అంటారు. 2017-18లో వయసు మళ్లుతున్నవాళ్ల మీద దేశమంతటా జరిగిన లాసీ సర్వేలో అరవై నిండినవాళ్లలో సుమారు 8 శాతం మందికి డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. జబ్బని డాక్టరు తేల్చింది మాత్రం వందలో ఒక్కరికన్నా లేదు. ఆ వయసులో ఒంటినొప్పి దేనివల్లయినా రావచ్చు గనుకే, పెద్దల్లో డిప్రెషన్‌ను గుర్తించడానికి తయారైన 15 ప్రశ్నల పట్టికలో నొప్పుల ఊసే ఉండదు.

వాళ్లను లోపల తినేది మాత్రం తప్పంతా తమదే అనుకోవడం.

పాలమూరు తల్లి "కొడుకును సక్కగ పెంచలే" అంటుంది. ఆ కొడుకు బొంబాయిలో మట్టి మోస్తుంటాడు. వాన మీద ఆధారపడ్డ చెలకలు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తరాల తరబడి ఊళ్లను ఖాళీ చేస్తేనే కదా 'పాలమూరు లేబర్' అన్న మాట పుట్టింది! అందులో ఒక్క తల్లి పెంపకం ఎంత? మన నల్లగొండలో మర్రిగూడ దిక్కు తాత వంగిన నడుము పట్టుకుని "ఏం పాపం చేసిన్నో" అంటాడు. ఫ్లోరైడ్ మితిమీరిన బోరునీళ్లు ఏండ్లకేండ్లు తాగితే ఎవరి ఎముకలైనా బిగుసుకుపోతాయి. పటిక, సున్నంతో ఆ నీళ్లను బాగుచేసే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు పెట్టింది. పాపం కడగడానికైతే ఎవరూ పటిక వాడరు.

తన మీద తనకుండాల్సిన దయ గురించి 2003లో అమెరికా మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ మూడు సంగతులు చెప్పింది: తనను తాను తిట్టుకోకపోవడం, ఈ బాధ నలుగురికీ ఉన్నదేనని తెలియడం, బాధను దాచకుండా, పెంచకుండా చూడగలగడం. ఆశ్రమంలో రెండోదే ముందు పనికొస్తుందని అమ్మమ్మ అనుభవం. తప్పంతా నాదేననే అవ్వను, ఎదురు మంచం ఆమె అదే మాటంటే ఏం చెప్తావని అడిగి చూడు. "నీదేం తప్పక్కా" అంటుంది. ఆ మాటే ఆమెకు తిరిగి చెప్పు. ఏడిస్తే ఏడవనీ, "అట్లనొద్దు, దేవుడున్నడు" అని నోరు మూయించకు.

తిండి మానేసినా, చావు మాటెత్తినా ఈ ముచ్చట్లు చాలవు, అదే రోజు డాక్టరుకు చూపించాలి. మనసు బాధలకు సర్కారు పెట్టిన టెలి మానస్ ఫోన్ నంబరు 14416 గోడ మీద రాసిపెట్టు. అక్షరాలు జానెడుండాలి, సగంమందికి కళ్లద్దాలు ఎక్కడ పెట్టారో గుర్తుండదు.