ఖర్చు లేని ఆరోగ్య ప్రణాళిక

జిమ్ము, ప్రోటీన్ డబ్బాలు కొనమంటే కూలి చేసి మనల్ని చదివిస్తున్న అమ్మానాన్నలకు భారమే. అందుకే హాస్టల్లో ఉన్నవాటితోనే ప్రణాళిక వేసుకుందాం.

వ్యాయామం: 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఉదయం స్టడీ అవర్‌కు ముందు అరగంట పరుగు, సాయంత్రం అరగంట కబడ్డీ. వాన పడితే వరండాలో తాడాట.

ఆహారం: మెస్సులో పెట్టే పప్పు, గుడ్డు, ఆకుకూర పారేయకూడదు. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టాలంటే నిమ్మరసం పిండుకోవాలి. భోజనం కాగానే టీ తాగకూడదు. 100 గ్రాముల వేరుశనగ గుళ్లలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. సెలవులకు వెళ్లినప్పుడు ఇంటినుంచి ఒక డబ్బా తెచ్చుకుందాం.

తమ్ముళ్లూ! రక్తహీనత ఉంటే ఎంతసేపు కూర్చున్నా చదువు బుర్రకెక్కదు. మన ఇళ్లలో తొలి పట్టభద్రులం కావాలంటే ముందు ఒంట్లో సత్తువ ఉండాలి.