చెర అను మాటకు గల రెండర్థములు

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 16:19–40

చెర అను మాట మన బైబిలులో తరచుగా కనబడును. చెరసాల, చెరపట్టుట, చెర విడిపించుట అను మాటలన్నియు దానినుండి వచ్చినవే. మన గ్రామములలో ఇప్పుడు జైలు, ఖైదు అనుచున్నాము. ఈ మాటకు అక్షరార్థమొకటి, అలంకారార్థమొకటి కలవు. ఈ రెంటిని వేరుపరచి తెలిసికొనుట నేడు మనకు చాల అవసరము.

1. అక్షరార్థము

గోడ, తాళము, కావలివాడు ఉన్న స్థలము చెర. యోసేపు ఐగుప్తులోను, యిర్మీయా యెరూషలేములోను అట్టి చెరననుభవించిరి. క్రీ.పూ. 586లో యెరూషలేము కూలినప్పుడు యూదులు బబులోనునకు కొనిపోబడిరి. అక్కడ వారికి ఇండ్లు, తోటలు ఉండవచ్చును గాని (యిర్మీయా 29) స్వదేశమునకు మరలు స్వేచ్ఛ లేదు. కనుక అదియు చెరయే.

2. అలంకారార్థము

యోబును ఎవరును చెరసాలలో వేయలేదు. అయినను యోబు 42:10లోని హెబ్రీ మాటను పూర్వపు అనువాదకులు కొందరు, దేవుడతని చెరను మరలించెనను భావముతో తర్జుమా చేసిరి. రోగము, నష్టము, స్నేహితుల నిందలు, ఇవే అతని చెర. గోడ లేకున్నను మనుష్యుడు బందీ కాగలడని దీనివలన తెలియుచున్నది.

3. నేటి గోడలేని చెర

మన సంఘముల బిడ్డలు అనేకులు హైదరాబాదు హైటెక్ సిటీలో పనిచేయుచున్నారు. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి వాజ్‌పేయిగారు అక్కడ సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. తరువాత మాదాపూరు, గచ్చిబౌలి చుట్టును కంప్యూటరు కంపెనీలు విస్తరించినవి. ఆ ప్రాంతమునే సైబరాబాదు అందురు. అట్టి చోట చదువుకొన్నవారిని సైతము పట్టుచున్న చెర ఒకటి కలదు. దాని పేరు డిజిటల్ అరెస్టు.

దొంగ ఫోను చేసి తాను పోలీసునని, సీబీఐ అధికారినని చెప్పును. నీ ఆధార్ నంబరు నేరములో దొరికినదని బెదరించును. వీడియో కాల్ ఆపవద్దు, గది విడువవద్దు, ఎవరికిని చెప్పవద్దు అనును. పిమ్మట డబ్బు పంపుమనును. 2024 అక్టోబరులో మియాపూరు వాసియైన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగస్థుని దొంగలు ఈ విధముగా సుమారు 30 గంటలు పట్టియుంచిరి. అతడు వారి మాట విని, ఇల్లు విడిచి అమీర్‌పేటలోని ఒక లాడ్జిలో ఉండెను. అతనిని బంధించినది తాళము కాదు, భయము. ఫోను తెగిపోయినప్పుడు అతడు పోలీసులకు ఫోను చేసెను. ఇది మోసమని వారు చెప్పగా అతని చెర విడిపోయెను.

అట్టి అరెస్టు మన చట్టములో లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో ఈ సంగతి దేశమునకు చెప్పిరి. నిజముగా అరెస్టయినవానికి కారణము తెలుపవలెననియు, వకీలుతో మాటలాడనియ్యవలెననియు, ప్రయాణకాలము గాక 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననియు రాజ్యాంగము 22వ అధికరణము చెప్పుచున్నది.

4. ఫిలిప్పీ చెరసాల

పౌలు సీలలు కాళ్లకు బొండ వేయబడియు పాడుచుండిరి. భూకంపమునకు తలుపులు తెరువబడగా, ఖైదీలు పారిపోయిరనుకొని చెరసాల నాయకుడు కత్తి దూసి చావబోయెను. ఆ రాత్రి నిజమైన బందీ ఎవరు? తాళపుచెవులు గలవాడే. అతడును భయమువలన ఒక అబద్ధమును నమ్మెను. చీకటిలోనుండి పౌలు పెద్ద శబ్దముతో సత్యము చెప్పగా అతడు బ్రదికెను.

మరునాడు న్యాయాధిపతులు రహస్యముగా పంపివేయజూచినప్పుడు పౌలు ఒప్పుకొనలేదు. విచారణ లేకుండ రోమా పౌరులను కొట్టించి చెరలో వేయుట న్యాయమా అని అడిగెను. అధికారులకు లోబడవలెనని మనము నేర్చుకొన్నవారము (రోమా 13). దొంగ ఆ విధేయతనే త్రాడుగా పేని మనలను కట్టును. చట్టమేమని అడుగుట అవిధేయత కాదు.

5. మనము చేయవలసినది

అట్టి ఫోను వచ్చిన యెడల వెంటనే ఆపుడి. బిడ్డలకో, పొరుగువారికో, పాస్టరుగారికో చెప్పుడి. ఎవరికిని చెప్పవద్దను మాటయే ఈ చెరకు తాళము. ఒక్కరికి చెప్పినను అది ఊడును. డబ్బు పోయిన యెడల ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయుడి. త్వరగా తెలిపినచో సొమ్మును బ్యాంకులో నిలిపివేయుటకు అవకాశము కలదు.

మోసపోయినవారిని చూచి నవ్వకుడి. సిగ్గుచేత నోరు మూసికొని కుమిలిపోవుట మరియొక చెర. ఒకరి భారము ఒకరు మోయుడని గలతీ 6వ అధ్యాయము మనకు నేర్పుచున్నది. చెరలోనున్నవారికి విడుదల ప్రకటించుటకు వచ్చిన ప్రభువు (లూకా 4:18) ఆ పనిని మన నోటికిని అప్పగించెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యోబు చెరకును యోసేపు చెరకును భేదమేమి?
2. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఏ అబద్ధమును నమ్మెను?
3. భయముచేత దాచుకొన్న సంగతిని నిర్భయముగా చెప్పుకొనగల ఇల్లుగా మన సంఘమున్నదా?