గృహములలోని వింత వాడుకలు

ప్రతి గృహమునందును పొరుగువారెరుగని కొన్ని వాడుకలుండును. చిన్నబిడ్డ నోరు తిరుగక పలికిన మాట యొకటి ఆ యింటి పెద్దల నోటను నిలిచిపోవును. ఏదో యొక పేరు వినబడినంతనే ఇంటిల్లిపాదియు నవ్వుదురు; అతిథికి మాత్రము కారణము బోధపడదు. ఇట్టివి వ్యర్థములని కొందరందురు. అట్లనుట సరికాదని తెలియుటకు ఒక పాదిరిగారి గృహచరిత్రము చాలును.

ఆంగ్లదేశమున యార్కుషైరు మండలములో హావర్తు అను గ్రామము కలదు. 1820వ సంవత్సరమున పాట్రిక్ బ్రాంటీగారు అచ్చటి సంఘమునకు పాదిరిగా వచ్చిరి. మరుసటి యేటనే వారి భార్య మరణించెను. ఆరుగురు బిడ్డలు తల్లిలేనివారైరి. బిడ్డలు తమ యెదుట మనసు విప్పి మాటలాడుటకు జంకుచున్నారని తలంచి, తండ్రిగారొక యుపాయము పన్నిరి. ఇంటనున్న ముఖముసుగు నొకదానిని తెచ్చి, ఒక్కొక్కరిని దాని చాటున నిలిపి ప్రశ్నలడిగిరి. నీవంటి బిడ్డకు మిక్కిలి కావలసినదేమని కడగొట్టు బిడ్డయైన ఆనీ నడుగగా, వయస్సును అనుభవమును అని బదులు చెప్పెనట. అప్పటికామెకు సుమారు నాలుగేండ్లు!

1825లో పెద్ద కుమార్తెలిద్దరును మరణించిరి. మరుసటి యేడు తండ్రిగారు కుమారుడైన బ్రాన్వెల్లు కొరకు లీడ్సు పట్టణమునుండి 12 కొయ్య సిపాయిల నొక పెట్టెలో తెచ్చిరి. నలుగురును తలకొక బొమ్మను ఎంచుకొని పేర్లు పెట్టిరి. షార్లెట్టు తన బొమ్మకు వెల్లింగ్టను ప్రభువు పేరు పెట్టెను. ఎమిలీ బొమ్మ ముఖము గంభీరముగా నుండుటచే దానికి అందుకు తగిన హాస్యనామము కలిగెను. పిమ్మట ఆ సిపాయిలకు దేశములను కల్పించిరి. వారు చదువుకొనుటకు తగినట్లు, అగ్గిపెట్టెంత పుస్తకములను కాగితపు ముక్కలతో కుట్టి, అతి సన్నని అక్షరములతో నింపిరి.

ఆ యింట రాత్రివాడుక యొకటి కలదు. తొమ్మిది గంటలకు తండ్రిగారు మేడమెట్లపైనున్న గడియారమునకు కీలిచ్చి పరుండబోవుదురు. అంతట అక్కచెల్లెండ్రు కుట్టుపని విడిచి, భోజనపు బల్ల చుట్టును తిరుగుచు తమ కథలను ఒకరికొకరు చెప్పుకొందురు. 1847లో ముగ్గురి నవలలును అచ్చుపడెను. 1848లో బ్రాన్వెల్లును ఎమిలీయు, 1849లో ఆనీయు గతించిరి. తరువాతను షార్లెట్టు ఆ బల్ల చుట్టును ఒంటరిగా తిరుగుచుండెను. ఆ యొంటి యడుగుల చప్పుడు విని ఇంటి పనికత్తె మనసు కలతపడెడిది.

దీనినుండి మనము గ్రహింపదగినవి మూడు. మొదటిది, ఇట్టి వాడుకలకు ధనమక్కరలేదు. ఒక ముసుగు, కొన్ని కాగితపు ముక్కలు చాలును. రెండవది, ఇంటి హాస్యము ఎవరిని గూర్చినదో వారును దానికి నవ్వవలెను. బొమ్మకు పెట్టిన పేరు బొమ్మను నొప్పింపదు. నల్లనివాడనియో నత్తివాడనియో పిలువబడు బిడ్డ తలవంచుకొనునేని, తక్కినవారెంత నవ్వినను అది హాస్యము కాదు, హింసయే. తలిదండ్రులు దీనిని గమనింతురు గాక. మూడవది, కూడియుండు కాలము స్వల్పము. బల్ల చుట్టును కలిసి తిరుగు దినములలోనే దాని విలువ నెరుగుట మేలు.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ యింటి వింతమాట యొకదాని పుట్టుకను అవ్వతాతల నడిగి, పది పంక్తులలో వ్రాసి తెండు. వారు చెప్పగలిగియున్నప్పుడే అడుగుడు.