సభకు ముందే చెప్పండి: ఊరి వార్తలు రాసేవాళ్లకు అనుభవ పాఠాలు

2025 డిసెంబర్‌లో తెలంగాణలో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్న ఊళ్లకు మళ్లీ సర్పంచులు, వార్డు సభ్యులు వచ్చారు. వాళ్ల వెనకే వాట్సాప్ గ్రూపులూ వచ్చాయి. ఇప్పుడు ఊరికి రెండు మూడు గ్రూపులు, గ్రూపుకొక ‘రిపోర్టర్’. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ల వార్తలు చాలాకాలం ఒక దినపత్రికకు పంపినవాణ్ని కాబట్టి, ఏం రాయాలి, ఎట్ల రాయాలి అని ఈ పిల్లలు నన్ను అడుగుతుంటారు. ఈ మూడు ఊళ్లూ ఒకప్పుడు ఒకే నల్లగొండ జిల్లా. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి పోయాయి, మిర్యాలగూడ పాత జిల్లాలో మిగిలింది. కానీ నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద బతికే రైతు కష్టానికి జిల్లా హద్దు లేదు, అతనికి కావలసిన వార్తకూ లేదు. నాకు తెలిసింది వరసగా చెబుతాను.

1. గ్రామసభ ఎట్ల జరిగిందన్నది తర్వాత, ఎప్పుడు జరుగుతుందన్నది ముందు.

‘గ్రామసభ ఘనంగా నిర్వహించారు’ అని రాస్తే ఎవరికి లాభం? సభకు పోయినవాడికి తెలిసిన సంగతే. పోనివాడికి తెలిసినా చేసేదేం లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా గ్రామసభ పెట్టాలి. ఆ తేదీ, టైము, జాగా, ఎజెండాలో ఉన్న అంశాలు నాలుగు రోజుల ముందు జనానికి చేరాలి. వెనకట డప్పు చాటింపు చేసిన పని ఇదే. రేపు పొద్దున ఫలానా చోట ఫలానా పని, అందరూ రావాలె అని వాడకట్టు వాడకట్టు తిరిగి చెప్పేవాళ్లు.

2025 జనవరి 21 నుంచి 24 దాకా రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టారు. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇండ్లు, రైతు భరోసా, కూలీలకు ఆత్మీయ భరోసా, నాలుగింటి జాబితాలూ అక్కడే చదివారు. ముందు తెలిసినవాళ్లు ఆధార్ జిరాక్సు, పాత దరఖాస్తు రశీదు పట్టుకొని వచ్చి తమ పేరెందుకు లేదని అడిగారు. తెలియనివాళ్లు నాటు కూలికి పోయి సాయంత్రం ఇంటికొచ్చాక విన్నారు. ఆ ఒక్క రోజు ముందు మెసేజ్ విలువ ఎంతో అప్పుడు అర్థమవుతుంది.

2. పైసలు ఎక్కడివో చెప్పని అభివృద్ధి వార్త సగం వార్తే.

‘5 లక్షలతో సీసీ రోడ్డు పనులు ప్రారంభం’ అని కొబ్బరికాయ ఫొటోతో పెడతారు. ఆ 5 లక్షలు ఏ పద్దువి? ఆర్థిక సంఘం గ్రాంటా, ఉపాధి హామీ మెటీరియల్ నిధులా, ఎమ్మెల్యే నిధులా, ఊరి ఇంటి పన్నా? పద్దు తెలిస్తే ప్రశ్న తెలుస్తుంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతమే ఊరి ఇష్టం. మోరీ తీయడానికి పైసల్లేవని చెప్పే పంచాయతీలో ఆ 60 శాతం లెక్క అడగాల్సింది ఊరివాళ్లే.

ఎన్నికైన పాలకవర్గం లేని కాలంలో కేంద్రం గ్రాంటు ఆగింది. ట్రాక్టర్ డీజిలుకు, బల్బులకు కార్యదర్శులు చేతి డబ్బులు పెట్టుకున్న ఊళ్లున్నాయి. ఇప్పుడు చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి. కాబట్టి లెక్క అడిగేటప్పుడు ఇద్దరినీ అడగండి. నోటితో అడిగినా చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కోపంతో పోస్టు పెట్టేబదులు తెల్లకాగితం మీద రెండు ప్రశ్నలు రాసి రశీదు తీసుకోండి. దాని బలం వేరు.

3. శంకుస్థాపన తేదీని ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి.

విలేకరికి కెమెరా కంటే పాత డైరీ ఎక్కువ పనికొస్తుంది. సాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబర్ 10న, కాలువలకు ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అంత పెద్ద ప్రాజెక్టుకు పన్నెండేళ్లు పట్టిందంటే ఒప్పుకుంటాం. ఊరి అంగన్‌వాడీ గదికి అన్నేళ్లు ఎందుకు పట్టాలి? ఈ ప్రశ్న అడగాలంటే మొదటి తేదీ మీ దగ్గరుండాలి.

రేషన్ కార్డుల సంగతే చూడండి. 2025 జనవరి గ్రామసభల్లో జాబితాలు చదివితే, కొత్త కార్డుల పంపిణీని ముఖ్యమంత్రి మొదలుపెట్టింది జూలై 14న, మన సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో. సభ రోజు, పంపిణీ రోజు కెమెరాలు వచ్చాయి. మధ్యలో ఆరు నెలలు జనం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగారు. దరఖాస్తు ఎవరి దగ్గర ఆగింది, కార్డు ఏ దశలో ఉంది, మీసేవలో ఏం చూడాలి అని ఆ ఆరు నెలలూ చెప్పినవాళ్లే ఊరికి అక్కరకొచ్చారు.

4. కాలువ వార్తకు మేజరు, తూము, కిలోమీటరు కావాలి.

‘ఎడమ కాలువకు గండి’ అని మూడు మాటలు గ్రూపులో పడితే త్రిపురారం నుంచి నడిగూడెం దాకా అందరి గుండె జారుతుంది. 2022 సెప్టెంబర్‌లో నిడమనూరు దగ్గర గండి పడింది. 2024 సెప్టెంబర్ 1న, ఆ కుండపోత వానలో, నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర కట్ట తెగింది. అదే రోజు కోదాడలో కార్లు కొట్టుకుపోయాయి, పాలేరు పొంగి విజయవాడ హైవే మీద బండ్లు ఆగిపోయాయి. అట్లాంటి రోజు చెప్పాల్సిన వరస ఒకటే. ఏ రోడ్డు మూశారు, ఏ ఊరివాళ్లు ఇల్లు ఖాళీ చేయాలి, పునరావాసం ఏ బడిలో పెట్టారు. వరద వీడియో చివర.

గండి మాట వినగానే మెసేజ్ ఫార్వర్డ్ చేయకండి, కాలువ మీద ఉండే లష్కర్‌కు ఫోన్ చేయండి. ఇంజినీరు కంటే ముందు అతనికే తెలుస్తుంది. నీళ్లు ఆపితే ఎప్పటిదాకా ఆపుతారు, వారబందీలో ఏ మేజరుకు ఏ రోజు వస్తాయి అన్నది చివరి భూముల రైతుకు అన్నిటికంటే పెద్ద వార్త. పై తూముల దగ్గర మోటార్లు పెడితే కిందికి నీళ్లు రావు. ఆ వార్త రాయడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే ఆ మోటారు మీ బంధువుదే కావొచ్చు.

5. మద్దతు ధర రాసి వదిలేయకండి, తరుగు కూడా రాయండి.

మిర్యాలగూడ మిల్లుల ఊరు. కోతల కాలంలో రోడ్డు వెంట వడ్ల ట్రాక్టర్లు బారులు తీరుతాయి. 2020 వానాకాలం సన్నాలకైతే మిల్లుకు పోవాలంటే టోకెన్ కావాలన్నారు. వడ్లు కోయడం కంటే టోకెన్ దొరకడం కష్టమైంది. ఆ రోజుల్లో రైతుకు కావలసిన వార్త టోకెన్లు ఎక్కడ, ఎన్ని గంటలకు ఇస్తారన్నదే.

కొనుగోలు కేంద్రం తెరిచిన రోజు రిబ్బన్ ఫొటో అందరూ పెడతారు. పదో రోజు పోయి చూడండి. తేమ 17 శాతం లోపు ఉందా అని మీటరు పెట్టి చూస్తున్నారా, చేత్తో పట్టి చెబుతున్నారా? తాలు పేరుతో బస్తాకు ఎంత కోస్తున్నారు? కాంటా అయిన బస్తాలకు లారీ ఎన్నాళ్లకు వచ్చింది? పైసలు ఖాతాలో ఎప్పుడు పడ్డాయి? ఈ నాలుగు ప్రశ్నలకు నలుగురు రైతుల జవాబులు పెడితే, పక్క ఊరి రైతు తన కేంద్రంలో తరుగు ఎక్కువా తక్కువా అని పోల్చుకుంటాడు. పోల్చుకున్నవాడే నిలదీస్తాడు.

6. మంచి పని కనబడితే పొగడకండి, ఎట్ల చేశారో విడమర్చి రాయండి.

2000ల మొదట్లో సూర్యాపేట మున్సిపాలిటీ పేరు దేశమంతా వినబడింది. కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో వీధి చెత్తకుండీలు తీసేశారు. ట్రాక్టర్ ఇంటి ముందుకే వచ్చేది. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేసి ఇవ్వాలి. తడిది వానపాముల ఎరువయ్యేది, పొడిది అమ్మితే మున్సిపాలిటీకి నాలుగు పైసలు వచ్చేవి. లక్ష మంది జనం ఉన్న ఊరు ఇది చేయగలిగిందని బయటివాళ్లు వచ్చి చూసిపోయారు. ‘కమిషనర్ కృషి ప్రశంసనీయం’ అని రాస్తే అతను బదిలీ అయిన రోజే ఆ వార్త చచ్చిపోతుంది. ట్రాక్టర్ ఎన్ని గంటలకు వస్తుంది, రాకపోతే ఎవరికి చెప్పాలి, ఎరువు ఎంతకు అమ్ముతున్నారు అని రాస్తే మనిషి పోయినా పద్ధతి జనం నోట్లో ఉంటుంది. ఇప్పుడు ప్రతి పంచాయతీకీ ట్రాక్టర్ ఉంది, డంపింగ్ యార్డు ఉంది. అవి నడుస్తున్నాయా అన్నది ప్రతి నెలా రాయదగిన వార్త.

7. గెలిచిన మనిషి పేరే రాయండి.

పంచాయతీ పదవుల్లో సగం మహిళలవి. అయినా చాలా పోస్టుల్లో ‘సర్పంచ్ ఫలానా ఆయన’ అని భర్త పేరే పడుతుంది. ఫొటోలో ఆయన మధ్యలో, ఆమె పక్కకు. మీరు మాత్రం ఆమెకే ఫోన్ చేయండి, ఆమె మాటే రాయండి. మొదట్లో ఫోన్ ఆయనే ఎత్తుతాడు. ‘సర్పంచ్ గారికి ఇవ్వన్నా’ అని మర్యాదగా అడగండి. నాలుగోసారికి ఆమే ఎత్తుతుంది.

8. భయం పుట్టించే మెసేజ్ మీ దగ్గర ఆగాలి.

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజ్‌లు తెలంగాణ పల్లెల్లో పాకి, అమాయకుల ప్రాణాలు తీశాయి. 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ దగ్గర కరోనా కేసులు వరసగా బయటపడినప్పుడు రోగి పేరు, కులం, మతం, ఇల్లు అన్నీ ఫోన్లలో తిరిగాయి. ఏ వాడలో రాకపోకలు ఆపారో చెబితే చాలు, ఎవరి ఇంట్లో జబ్బు వచ్చిందో ఊరికి అక్కరలేదు.

9. జాతర వార్త యాత్రికుడి కోసం రాయండి.

దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతర రెండేళ్లకోసారి వస్తుంది. దేవుడి మహిమ, గట్టు చరిత్ర రాయడానికి చాలామంది ఉన్నారు. హైవే బండ్లను ఎటు మళ్లిస్తున్నారు, సూర్యాపేట నుంచి బస్సులు ఎక్కడ ఆగుతాయి, తాగునీళ్లు ఎక్కడ, తప్పిపోయిన పిల్లలను ఎక్కడ అప్పగిస్తారు అన్నవి మీరు చెప్పండి. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకూ ఇంతే.

10. ప్రకటనను ప్రకటన అనే చెప్పండి.

పల్లె విలేకరికి జీతం ఉండేది కాదు, ‘లైన్ అకౌంట్’ ఉండేది. అచ్చయిన వార్త కొలిచి ఇచ్చేవాళ్లు. అది వార్తల కవరు బస్సులో పంపడానికీ, టీ ఖర్చులకూ సరిపోయేది. పండుగకు ప్రకటనలు తేవాలని పైనుంచి ఒత్తిడి. శుభాకాంక్షల ప్రకటన ఇచ్చిన నాయకుడి ఊరి మోరీ గురించి రాయడానికి చెయ్యి ఆడేది కాదు. మీకు లైన్ అకౌంటూ లేదు, డెస్కూ లేదు, అంతా మీ ఇష్టం. కానీ గ్రూపు ఖర్చులు ఎవరైనా పెట్టుకుంటే ఆ పేరు గ్రూపు మొదట్లోనే రాయండి. ఆ తర్వాత మీరు ఏం రాసినా జనం దాన్ని బట్టి లెక్క వేసుకుంటారు.

11. చిన్న వార్తను చిన్నచూపు చూడకండి.

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టేదాకా, ఊరి పేరు పేపర్లో పడాలంటే హత్యో బస్సు ప్రమాదమో జరగాలి. జిల్లా పేజీలు వచ్చాకే చెడిపోయిన బోరింగు కూడా వార్త అయింది. బోరింగు వార్త పడిన వారంలో మెకానిక్ వచ్చేవాడు, దాన్ని చూసి పక్క వాడకట్టువాళ్లు తమ బోరింగు సంగతి చెప్పడానికి వచ్చేవాళ్లు. ఊరి వార్తకు అంతకంటే పెద్ద బహుమతి నేను చూడలేదు.

12. మీ గ్రూపు పనిచేస్తోందా లేదా అన్నది లైకులతో కొలవకండి.

ఈ వారమే కార్యదర్శిని అడిగి వచ్చే గ్రామసభ తేదీ తెలుసుకోండి. ఎజెండా, కిందటి సభ తీర్మానాల్లో పూర్తయినవి, కానివి ఒక పేజీలో రాసి గ్రూపులో పెట్టండి, ఫోన్ లేనివాళ్ల కోసం పంచాయతీ ఆఫీసు గోడకు, రేషన్ దుకాణానికి అంటించండి. సభకు ఎంతమంది వచ్చారో హాజరు పుస్తకంలో చూడండి. కిందటిసారి కంటే నలుగురు ఎక్కువ వచ్చి, అందులో ఒక్కరు లేచి పద్దు అడిగితే, మీ వార్త ఊరికి చేరినట్టే.